పదహారు గడులు

జూన్ 9, సోమవారం

స్వప్నిక నిన్న మొయినాబాద్ నుంచి వచ్చి ట్యాబ్ ఇచ్చి పోయింది. బడి పలక అంత ఉంది, బరువు మాత్రం పలకకన్నా ఎక్కువ. "అమ్మా, నాన్న దీంతోని మాట్లాడొచ్చు. నువ్వు జర ఓపికతోని నేర్చుకో" అంది. ఆ ఓపిక కూడా డబ్బాలోనే పెట్టి ఇచ్చి ఉంటే బాగుండేది. కూతురు కాలేజీలో పాఠాలు చెబుతుంది కదా, ఇంట్లో కూడా పాఠం చెప్పినట్టే మాట్లాడుతుంది.

ఈయన పడిపోయి మూడు నెలలు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకే పొద్దున పోయాయి. కాలు కొద్దిగా తిరిగొచ్చింది. మాట రాలేదు. చెప్పింది అంతా అర్థమవుతుందని డాక్టరు అన్నాడు, నాకూ తెలుస్తూనే ఉంది. తల మాత్రం ఏది అడిగినా కిందికే ఊపుతాడు. దాన్ని నమ్ముకోవద్దని కూడా డాక్టరే చెప్పాడు. అన్నం పెట్టనా అంటే ఊపుతాడు, ఇల్లు తగలబెట్టనా అన్నా ఊపుతాడు. ఒకరోజు కోపంలో నిజంగానే అడిగాను.

పొద్దున ఎనిమిదికి దుకాణం తెరవాలి. ముందు విత్తనాలు, పురుగుమందుల దుకాణం, వెనక ఇల్లు. చేవెళ్ళలో మావాళ్ల ఇళ్లన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. వానలు మొదలయ్యాయి, రైతులు ఆగరు. ఈయన ముప్పై ఏళ్లు చేసిన పని ఇప్పుడు నేను చేస్తున్నాను, వంట మానకుండా.

ఈ డైరీ ఎరువుల కంపెనీ వాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చింది. ఈయన మార్చి దాకా రాసుకున్నాడు. మిగతా కాగితాలు వృథా ఎందుకని నేను రాస్తున్నాను.

జూన్ 10

ట్యాబ్ ముట్టలేదు. విత్తనాల లారీ వచ్చింది.

జూన్ 12, గురువారం

మూడు యాప్‌లు దింపి చూశాను. మొదటిది ఇంగ్లీషు తప్ప మాట్లాడదు. రెండోది ప్రతి రెండు నిమిషాలకు ఏదో ఆట ప్రకటన చూపిస్తోంది. మూడోది నచ్చింది. తెర మీద పదహారు గడులు, ఒక్కో గడిలో ఒక బొమ్మ, నొక్కితే ఒక మాట. ఏ మాటలు పెట్టాలో మనమే తేల్చుకోవాలి.

కాగితం ముందు పెట్టుకుని రాశాను. అవును, నీళ్లు, అన్నం, చాయ్, బాత్రూం, నొప్పి, మందు, చలి, ఉక్క, ఫ్యాన్, టీవీ, పడక, బయటికి, స్వప్నిక, వేణి అని నా పేరు, మంచిది. సరిగ్గా పదహారు వచ్చాయి. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ఈయన నాతో మాట్లాడింది కూడా ఇంచుమించు ఇంతే.

అందులో ఉన్న తెలుగు గొంతు వార్తలు చదివే ఆమె గొంతులా ఉంది. ఈయన నొక్కితే ఎవరో పరాయి ఆడమనిషి మా ఇంట్లోకి వచ్చి బాత్రూం అడిగినట్టుంది. మన గొంతే రికార్డు చేసుకోవచ్చని వెతికి వెతికి కనిపెట్టాను. మగ గొంతు కావాలంటే మా మరిదిని పిలవాలి, ఆయన వస్తే చాయ్, ఫలహారం. అందుకని అన్నీ నా గొంతుతోనే చెప్పి పెట్టాను.

ఈయన ఎడమచేతి వేలితో మొదట నొక్కింది "చాయ్". నా గొంతు నన్నే చాయ్ అడిగింది. లేచి పెట్టాను.

జూన్ 16, సోమవారం

ఇన్ని రోజుల్లో కనిపెట్టినవి ఇక్కడ రాసి పెట్టుకుంటే మరిచిపోను.

ఈయన వేలు జారి వేరే యాప్‌లోకి పోకుండా తెరను బిగించి పెట్టే ఏర్పాటు ఒకటి ఉంది, సెట్టింగుల్లో చాలా లోపల. నిమిషానికోసారి తెర ఆరిపోతుంటే ఆ సమయాన్ని అరగంటకు పెంచాను. కంటి చూపు ఆనని నాబోటి వాళ్లకు అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. మందు సీసా మీది చీమకాళ్ల అక్షరాలను కెమెరా ముందు పెడితే అదే చదివి వినిపిస్తుంది. ఇది ఈయన కోసం కాదు, నా కోసం. ముప్పై ఏళ్లు ఆ సీసాలు దులిపాను కానీ ఒక్కదాని మీద ఏముందో చదవలేదు.

బిక్షం యూరియాకు వచ్చాడు. "నిండుకున్నది, రేపొస్తది" అన్నాను. ఎక్కడి నుంచి వస్తుందో నాకే తెలియదు.

జూన్ 19, గురువారం

సాయంత్రం ఆనంద్‌కుమార్ షాబాద్ నుంచి వచ్చాడు. ఈయన తమ్ముడు. అక్కడ వాళ్లదీ ఇదే వ్యాపారం.

"వదినా, ఎన్ని దినాలు గిట్ల లాగుతవు? దుకాణం నాకప్పజెప్పుండ్రి. లైసెన్సు నా పేరు మీదికి మార్చుకుంట. మీరిద్దరు మొయినాబాద్‌ల స్వప్నిక తాన ఉండుండ్రి. నువ్వు కూడ జర కూసుంటవు."

మోసం చేసే మనిషి కాదు. చెప్పిన మాట కూడా మంచిదే. కూర్చుంటావు అన్న ఒక్క మాటకు నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఈ మూడు నెలల్లో ఎవరూ ఆ మాట అనలేదు. అతనికి కనబడకుండా పొయ్యి దగ్గరికి పోయాను.

"మీ అన్న సరే అనాలె గద" అన్నాను చాయ్ ఇస్తూ.

"అన్న ఒప్పుకోంది నేనెందుకు చేస్త వదినా. వేలిముద్ర పెట్టేది అన్ననే గద. నువ్వు మెల్లగ అడుగు."

ఈయన దుకాణానికీ ఇంటికీ మధ్య గడప దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. "నీళ్లు" నొక్కాడు. గ్లాసు ఇచ్చాను. తోసేశాడు, నా చీర తడిసింది. మళ్లీ నీళ్లు. మళ్లీ ఇచ్చాను, మళ్లీ తోశాడు. ఆనంద్‌కుమార్ ఉన్నంతసేపూ అదే వరస.

"అన్నకు దూప బాగైనట్టున్నది" అన్నాడు ఆనంద్‌కుమార్.

జూన్ 20

నీళ్లు పదిసార్లు. తాగింది రెండుసార్లు. షుగరేమోనని డాక్టరుకు ఫోన్ చేశాను. కాదన్నాడు.

జూన్ 27, శుక్రవారం

ఆకు ఫోటో తీస్తే జబ్బు పేరు చెప్పే యాప్ దొరికింది. ఇంత మంచి వస్తువు ఇన్నాళ్లు తెలియకపోయిందే అనుకున్నాను. ఈయన రైతు తెచ్చిన ఆకును చూసి మందు చెప్పేవాడు. అదేదో గొప్ప విద్య అని ఊరంతా అనుకునేది. ఇప్పుడు ఎవరైనా చెప్పొచ్చు.

అంతమ్మ టమాట ఆకు పట్టుకుని వచ్చింది. మా దుకాణానికి పాత మనిషి, రెండెకరాల కూరగాయలు ఒంటిచేత్తో చేస్తుంది. ఈయన ముందున్న ట్యాబ్ తీసుకుని ఫోటో కొట్టాను. బూజు తెగులు అని వచ్చింది. ట్యాబ్ మళ్లీ ఈయన ముందు పెట్టి, బూజు మందు సీసా కోసం స్టూలు ఎక్కాను.

వెనక నుంచి నీళ్లు, నీళ్లు, నీళ్లు.

"వస్తున్న, జర ఆగుండ్రి" అన్నాను. ఆగలేదు. సీసా అంతమ్మ చేతిలో పెట్టేదాకా నా గొంతు నా వీపు మీద కొడుతూనే ఉంది. ఆమె వెళ్లాక చెంబెడు నీళ్లు తీసుకుపోయి నోటి దగ్గర పెట్టాను. మూతి బిగించుకున్నాడు. విసుగొచ్చి చెంబు అక్కడే పెట్టి వచ్చేశాను.

జూన్ 28

నడుము నొప్పి. స్టూలు ఎక్కకూడదు.

జూలై 3, గురువారం

ఇవాళ అడిగాను. తీరిగ్గా, టీవీ ఆపి, పక్కన కూర్చుని.

"దుకాణం ఆనంద్‌కు ఇద్దామా? మనం మొయినాబాద్ పోదాం. నాకు చాతనైతలేదు." మొదటిసారి నాకు చేతకావడం లేదని ఆయనతో చెప్పాను. పైకి అన్నాక నాకే సిగ్గేసింది.

నీళ్లు నొక్కాడు. ఇచ్చాను. తాగలేదు. మళ్లీ అడిగాను. నీళ్లు. అలా గంట సేపు. చివరికి వేలు వణుకుతూ గడుల మీద తిరిగింది, "మంచిది" అని వచ్చింది.

ఆయనే నొక్కాడు. ఆనంద్‌కుమార్‌కు ఫోన్ చేసి చెప్పాను. శ్రావణంలో మంచిరోజు చూస్తానన్నాడు.

జూలై 5, శనివారం

అంతమ్మ వచ్చింది. కొట్లాడడానికి కాదు, చెప్పడానికి. అది ఇంకా బాధ.

"మందు కొట్టినంక ఏం ఫరక్ పడలే సేటమ్మా. ఆకులు ఇంక ముడుసుకపోవట్టె. నువ్వు ఆకు తిప్పి చూసినవా? సేటయితె ముందుగాల ఆకు తిప్పి చూస్తుండె."

తిప్పలేదు. ఫోటో పైవైపే తీశాను. ఆమె తెచ్చిన కొత్త ఆకు తిప్పితే కింద ఎర్రనల్లి, కారం చల్లినట్టు. సరైన మందు ఇచ్చి డబ్బు తీసుకోలేదు. ఆమె ఈయన దగ్గరికి పోయి "ఎట్లున్నవు సేటూ" అంటే ఈయన ఎడమచెయ్యి చాపి ఆ ఆకు తీసుకుని చాలాసేపు పట్టుకున్నాడు. కింద పడేస్తే ఊడ్చాను.

దుకాణం నాది కాదు. నాకు రాదు. ఆనంద్‌కుమార్ తీసుకుంటే అంతమ్మలాంటి వాళ్లకే మంచిది. ఇదంతా నేను అందుకే చేస్తున్నాను.

జూలై 13, ఆదివారం

స్వప్నిక ఫోన్. మాకోసం గది ఖాళీ చేస్తోందట. కిటికీ తూర్పుకు ఉందట. ఆ కిటికీ దగ్గర నేను కూర్చుని ఏమీ చెయ్యకుండా ఉండడం ఊహించుకున్నాను. ఊహకే నడుము నొప్పి తగ్గింది.

"నాన్న నిజంగనే సరేనన్నడా అమ్మా? గంత ప్రేమ గద దుకాణమంటె."

"ఆయననే నొక్కిండు" అన్నాను.

తర్వాత అది కాలేజీ సంగతులు చెప్పింది.

జూలై 16

ఆగస్టు 13 బుధవారం బాగుందట.

ఆయనే నొక్కాడు.

జూలై 24, గురువారం

సాయిలు ఆటోలో మొయినాబాద్ పోయాం. మాట నేర్పే అమ్మాయి ఒకామె అక్కడ కూర్చుంటుంది, అఖిల అని. చిన్న పిల్ల, మా స్వప్నికకన్నా చిన్నది. రోడ్డు పనుల దుమ్ము, చిలుకూరు మలుపు దగ్గర గుడికొచ్చే కార్ల వరస. చేరేసరికి ఈయన చొక్కా చెమటతో తడిసిపోయింది.

నేను ట్యాబ్ గర్వంగా చూపించాను. తెర బిగించడం, గొంతు రికార్డు చేయడం, అన్నీ నేనే కనిపెట్టానని చెప్పాను. బాగా చేశారని మెచ్చుకుంది కూడా. గడులన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసింది. మళ్లీ మొదటి నుంచి చూసింది.

"ఆంటీ, వద్దు అనేది ఏది?"

ఏం అడుగుతోందో నాకు వెంటనే అర్థం కాలేదు. పెట్టలేదన్నాను.

"ఎందుకు పెట్టలే?"

తట్టలేదు. దుకాణం ఉన్న ఇల్లు మాది. లేదు, వద్దు, అయిపోయింది, ఇవి మా ఇంట్లో నోట రాకూడని మాటలు. సరుకు లేకపోతే నిండుకుంది అంటాం, రేపు వస్తుంది అంటాం. నేను కాపురానికి వచ్చిన వారానికి, నాకు అన్నం వడ్డిస్తుంటే "ఇంక వద్దు" అన్నానని మా మామ కంచం ముందు నుంచి లేచిపోయాడు. లక్ష్మి వినే ఇంట్లో ఆ మాట ఏమిటని. అప్పటి నుంచి కంచానికి చెయ్యి అడ్డం పెట్టడమే తప్ప ఆ మాట అనలేదు. స్వప్నిక చిన్నప్పుడు అంటే నోటి మీద కొట్టాను. ఇదంతా అఖిలకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మరి అంకుల్‌కు వద్దంటె ఎట్ల చెప్తడు ఆంటీ?"

ఈయన నా వైపు చూడలేదు. అఖిల వైపు చూస్తున్నాడు. నాలుగు నెలలుగా ఏ మనిషినీ అలా చూడలేదు.

ఫ్యాన్ ఉండగా ఉక్క ఎందుకని ఉక్క తీసేసి, ఆ గడిలో అరచెయ్యి బొమ్మ పెట్టింది. గొంతు నన్నే ఇమ్మంది. ఆరుసార్లు చెప్పించింది. ప్రతిసారీ అడుక్కుంటున్నట్టు వచ్చింది. "గట్టిగ ఆంటీ, కోపం వచ్చినట్టు." ఆరోసారికి నిజంగానే కోపం వచ్చింది.

జూలై 25, శుక్రవారం

శ్రావణం మొదటిరోజు. మా ఇంట్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకటే మాట.

చాయ్, వద్దు. టీవీ, వద్దు. ఫ్యాన్, వద్దు. ఉప్మా ముందు పెట్టగానే వద్దు. ముప్పై ఒక్క ఏళ్లుగా వారానికి మూడు రోజులు ఉప్మా తింటున్నాడు. ఎన్నడూ ఇష్టం లేదనలేదు. దోశ పోసి ఇస్తే రెండు తిని "మంచిది" నొక్కాడు. నాకు నవ్వొచ్చింది, ఒళ్లు మండింది కూడా. మొదటి ఏడాదే చెప్పి ఉంటే ఎంత రవ్వ మిగిలేది.

నీళ్లు ఒక్కసారే అడిగాడు. గ్లాసు నిండా తాగాడు.

జూలై 27, ఆదివారం

స్వప్నిక వచ్చింది. ఏ గడి ఎప్పుడు ఎన్నిసార్లు నొక్కారో యాప్ రాసి పెడుతుందట. మూల ఉన్న మూడు చుక్కలు నొక్కితే కనబడుతుంది. "చూడమ్మా, ఎంత ఉపయోగమో" అని అది వంటింట్లోకి పోయింది. నేను చూశాను.

జూన్ 19న, ఆనంద్‌కుమార్ వచ్చిన రోజు, నీళ్లు ముప్పై ఎనిమిది. జూన్ 27న, అంతమ్మకు మందు ఇచ్చిన అయిదు నిమిషాల్లో నీళ్లు పంతొమ్మిది. జూలై 3న నీళ్లు నలభై రెండు, మంచిది ఒకటి.

ఈ డైరీ పక్కన పెట్టుకుని తేదీలు కలిపాను. దాహం కాదు. ఉన్న పదహారు మాటల్లో నన్ను ఉన్నపళంగా దగ్గరికి రప్పించేది అదొక్కటే, వేణి అని నొక్కితే పని అయ్యాక వస్తానంటాను. వేరే మాట నేను ఇవ్వలేదు.

ఆ "మంచిది" ఒకటి కూడా ఆయన నొక్కలేదు. వేలు వణుకుతుంటే నేను చెయ్యి పట్టుకున్నాను. పట్టుకుని అక్కడికి తీసుకుపోయాను. ఆ రోజే రాయాల్సింది.

జూలై 28

దుకాణం సంగతి ఇవాళ మళ్లీ అడుగుదామనుకున్నాను. దుకాణంలో జనం.

జూలై 29

అడగలేదు.

జూలై 30

అడగకపోతే ఆయన చెప్పనట్టే కదా.

ఆగస్టు 2, శనివారం

బిక్షం వంకాయ మొక్క వేర్లతో సహా తెచ్చాడు. నేను ఆకు తిప్పి చూశాను, ఏమీ కనబడలేదు. ఈయన "బయటికి" నొక్కాడు. కుర్చీ కౌంటర్ పక్కకు తోశాను. బిక్షం చేతిలో మొక్క తీసుకుని, కాండం గోటితో గీకి, వాసన చూశాడు.

నేను ఒక సీసా మీద చెయ్యి వేశాను. వద్దు. పక్కదాని మీద వేశాను. వద్దు. కింది అరలో పొడి ప్యాకెట్టు. మంచిది.

"సేటు మళ్ల కూసుండు దుకాణంల" అన్నాడు బిక్షం. వాడి మొహం వెలిగిపోయింది. ఈయన మొహమూ అంతే. నేను ప్యాకెట్టు సంచిలో వేశాను. సంతోషించాలి. సంతోషం కాలేదు. నాకు ఆ కిటికీ గుర్తొచ్చింది.

ఆయన సీసా చూపిస్తాడు. దింపేది నేను. బస్తా తూచేది నేను, షట్టరు ఎత్తేది, ఆయనకు స్నానం చేయించేది, దోశ పోసేది నేను. ఇది ఎవరికి చెప్పినా, భర్తకు బాగవుతుంటే ఏడ్చే ఆడదాన్ని చూశావా అంటారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆగస్టు 7

ఆనంద్‌కుమార్ కాగితాలు సిద్ధమన్నాడు. సరే అన్నాను.

ఆగస్టు 12, మంగళవారం

ఇవాళ కనిపెట్టింది. గడిని తీసెయ్యకుండా దాచిపెట్టొచ్చు. కాసేపు నొక్కి పట్టుకుంటే కన్ను బొమ్మ వస్తుంది, దాని మీద గీత పడితే ఆ గడి ఖాళీగా కనిపిస్తుంది. మళ్లీ కావాలంటే మళ్లీ తెచ్చుకోవచ్చు. ఏదీ పోదు.

రేపు నలుగురొస్తారు. జనం ఎక్కువైతే ఆయనకు తికమక. గడులు తక్కువ ఉంటేనే తేలిక. రేపొక్కరోజే.

ఆగస్టు 13, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదింటికి ఆనంద్‌కుమార్, కాగితాలు రాసే సంగయ్య వచ్చారు. స్వప్నిక సెలవు పెట్టి ముందే వచ్చింది. దేవుడి దగ్గర దీపం పెట్టాను. ఈయనకు కొత్త చొక్కా వేశాను. సంగయ్య కాగితం మొత్తం చదివి వినిపించాడు. ముకుందం అనే నేను నా ఇష్టపూర్వకంగా, అని ఉంది అందులో. సిరా డబ్బా మూత తీశాడు.

ఆనంద్‌కుమార్ కుర్చీ ముందు కింద కూర్చున్నాడు. "అన్నా, నీకిష్టమేనా? ఇష్టమైతెనే. మంచిది అని నొక్కు, నేను ఇంట."

ఈయన వేలు నేరుగా అరచెయ్యి బొమ్మ ఉండే చోటికి పోయింది. అక్కడ తెల్లగా ఉంది. నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు. తెర మీద మొహం వంచి చూశాడు. చొక్కా కొసతో తెర తుడిచాడు, మురికేమో అన్నట్టు. తుడిచి మళ్లీ నొక్కాడు. నీళ్లు గడి పక్కనే ఉంది, దాని జోలికి పోలేదు. అక్కడే, ఆ తెల్లటి చోటే, అయిదుసార్లు.

తర్వాత తల ఎత్తి నన్ను చూశాడు. కోపంగా చూస్తే భరించేదాన్ని. యాప్ చెడిపోయింది, కొంచెం చూడు వేణీ, అన్నట్టు చూశాడు. నేను బాగు చేస్తానని నమ్మకం.

"అన్నకు దొరుకుతలేదు. వదినా, జర చెయ్యి పట్టు" అన్నాడు ఆనంద్‌కుమార్.

పట్టుకున్నాను. వేలు చల్లగా ఉంది. మంచిది గడి జానెడు దూరం కూడా లేదు.

"వద్దు" అన్నాను.

దీపం ముందు, మంచిరోజు, నలుగురి మధ్య. ట్యాబ్‌లో ఉన్నదానికన్నా గట్టిగా వచ్చింది.

"ఏంది వదినా?"

"మీ అన్న వద్దంటుండు. దుకాణం ఇచ్చుడు ఆయనకు ఇష్టం లేదు."

"మొన్న మంచిదన్నడంటివి గద."

"అది నేను నొక్కిచ్చిన. ఇయ్యాల ఆ గడి దాచింది గూడ నేనే."

స్వప్నిక గోడకు ఆనుకుంది. సంగయ్య సిరా డబ్బా మూత పెట్టేశాడు, చప్పుడు కాకుండా. ఆనంద్‌కుమార్ లేచాడు. "ముందే చెప్తె అయిపోతుండె వదినా. నేనేమన్న గుంజుకుంటున్ననా?" అన్నాడు. నిజమే. అతని తప్పు ఏమీ లేదు. వెళ్లేముందు అన్న భుజం మీద చెయ్యి వేసి "వస్త అన్నా" అన్నాడు.

"నీకెట్లమ్మా మరి?" అంది స్వప్నిక. నాకు తెల్వదన్నాను. వంటింట్లోకి పోయి కూర్చుని ఏడ్చాను. ఆయన కోసం కాదు, నా కోసమే ఏడ్చాను. తూర్పు కిటికీ కోసం ఏడ్చాను. ఏడ్చాక వచ్చి ఆ గడి మళ్లీ పైకి తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన నొక్కి చూసుకున్నాడు, పలుకుతోందో లేదోనని.

ఆగస్టు 14, గురువారం

స్వప్నిక పొద్దున బస్సుకు పోయింది.

చాయ్ తాగించాక ఆయన ఎదురుగా కూర్చున్నాను. "ఇయ్యాల్టి సంది దుకాణం ఒంటిగంట దాకనే. మధ్యాహ్నం సంది బందు" అన్నాను.

వద్దు.

"నాకు చాతనైతలేదు. మీకు ముందే చెప్పిన."

వద్దు. రైతులు పొలం పని అయ్యాక సాయంత్రమే వస్తారు, అది నాకూ తెలుసు. ఆయన ముప్పై ఏళ్లలో ఒక్క సాయంత్రం షట్టరు దించలేదు, అదీ తెలుసు.

ట్యాబ్ నా వైపు తిప్పుకున్నాను. అరచెయ్యి బొమ్మ నేను నొక్కాను. వద్దు.

నోరు తెరిచి చూశాడు. ట్యాబ్ తన వైపు లాక్కుని నొక్కాడు. నేను లాక్కుని నొక్కాను. నాలుగైదుసార్లు అయ్యేసరికి కౌంటర్ దగ్గర నిలబడ్డ బిక్షం లోపలికి తొంగి చూసి "ఎవరికి వద్దు సేటమ్మా?" అని అడిగాడు.

"ఇద్దరికి" అన్నాను.

ఒంటిగంటకు షట్టరు దించాను. ఆయన కుర్చీ లోపలికి తోసి, ట్యాబ్ ఛార్జింగ్‌కు పెట్టి, అయిదింటి దాకా పడుకున్నాను.